వెంటనే అని రాసిన కాగితం

ఆ వీధిలో అతన్ని అందరూ పళ్ళాయన అంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు పళ్ళ వ్యాపారం కాబోలనుకుని కిలో ఎంత అని అడిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. అతను చేసేవి కట్టుడు పళ్ళు. డెంటల్ ల్యాబ్‌లో కిటికీ పక్క బల్ల అతనిది. ఇరవై రెండేళ్ళుగా మైనంతో అచ్చులు తీసి, పోతపోసి, అరగదీసి, ఊళ్ళోవాళ్ళ నోళ్ళు నింపుతున్నాడు. అచ్చులో వెంట్రుకవాసి తేడా వచ్చినా పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టే మనిషి.

అలాంటి మనిషికి ఒకసారి ల్యాబ్ పెద్ద డాక్టరు ఏదో మీటింగ్‌కి విదేశం వెళ్ళి, వస్తూ ఒక డబ్బా పట్టుకొచ్చాడు. అందులో బొటనవేలంత ఎత్తున్న చిన్న చిన్న కేకులు, ఒళ్ళంతా గాళ్ళు గాళ్ళుగా, మాడిపోయినట్టు నల్లగా ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. పళ్ళాయన మొహమాటానికి ఒకటి కొరికాడు. పైన పెంకు కరకరమంది. లోపల మాత్రం పాలూ గుడ్డూ కలిసి గడ్డకట్టిన మెత్తని కస్టర్డు, వెనిల్లా వాసన. ఇంత మొరటు తోలు లోపల ఇంత సుకుమారమా అని ఆశ్చర్యపోయాడు. పేరు కనలే అని డాక్టరు చెప్పాడు.

ఆ తర్వాత ఏడు నెలలు ఇంట్లో ఆదివారాలన్నీ వాటికే అంకితం. అచ్చులకు తేనెమైనం రాయడం అతనికి చేతిలో పని. ఎటొచ్చీ పిండి దగ్గరే చిక్కు. పాలు, వెన్న, పంచదార, మైదా, పచ్చసొనలు, ఒక మూత రమ్ము. ఇవి కలపడానికి ఎవరికైనా పది నిమిషాలు చాలు. కానీ కలిపాక పిండిని ఫ్రిజ్‌లో రెండు రోజులు కదపకుండా ఉంచాలి. ఉంచకపోతే ఓవెన్‌లో పాలపొంగులా లేచి, అచ్చు దాటి, గొడుగు విప్పుకుని, తర్వాత సొట్టపోతాయి. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికే అతనికి నాలుగు నెలలు పట్టింది. తెలిశాక మాత్రం కనలేలు ఒక్కొక్కటీ నాణెం ముద్ర కొట్టినట్టు వచ్చేవి.

అతని ముప్పావు జీవితం అక్క నీడలో గడిచింది. అక్క తొమ్మిదేళ్ళు పెద్ద. అమ్మ పనికి వెళ్తే వీణ్ణి చంకనేసుకుని పెంచింది. సైకిలు గొలుసు ఊడితే అక్క వేసేది, లెక్క తప్పితే అక్క దిద్దేది, కాలవలో ఈత అక్కే నేర్పింది. ఇంట్లో పొద్దస్తమానం ఒకటే పాట: "అక్కని చూసి నేర్చుకో." అక్క భర్త పోయాక కూడా ఎవరి గుమ్మం తొక్కలేదు. ఆస్పత్రుల యూనిఫారాలు కుట్టే యూనిట్‌లో కాలర్ల సెక్షన్‌లో చేరి, ఆరు నెలల్లో ఆ సెక్షన్‌కి పెద్దదిక్కయింది. ఏది పట్టుకున్నా చేతికి వచ్చేసే మనిషి.

ఆ అక్క ఒక ఆదివారం భోజనానికి వచ్చింది. పళ్ళాయన కనలేలు పళ్ళెంలో పెట్టి, గొంతు సవరించుకుని పేరు చెప్పాడు.

"కనలేనా? ఏం కనలేవురా, కళ్ళజోడు మార్చాలా?" అంది అక్క. అందరూ నవ్వారు. ఒకటి కొరికింది. కళ్ళు మూసుకుంది. రెండోది తీసుకుంది. పళ్ళాయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"ఒరేయ్, ఇవి నాకు నేర్పరా. మా కటింగ్ మేడమ్ వచ్చే నెల రిటైరవుతోంది. నన్ను మిషన్ మీద కూర్చోబెట్టిన మనిషి. ఆవిడకి నా చేత్తో చేసి పెడతాను."

"అది అంత తేలిక కాదక్కా. నాకే ఏడు నెలలు..."

"అబ్బో, ఇందులో ఏముందిరా! పాలు, గుడ్లు, మైదా. నువ్వు రాసివ్వు, నేను చేసేస్తా."

ఆవిడ మనసులో ఏ కల్మషమూ లేదు. చిన్నప్పుడు చెట్టెక్కుతూ తమ్ముడితో అన్నట్టే అంది. కానీ "ఇందులో ఏముంది" అన్న ఆ ముక్క పళ్ళాయనకి గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డం పడింది. ఏడు నెలలు. జన్మలో అక్కకి రాకుండా తనకొక్కడికే వచ్చిన పని ఇది. వచ్చే ఆదివారానికి ఇదీ అక్క ఖాతాలోకే పోతుంది కదా అనిపించింది.

సాయంత్రం కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. గుండ్రటి అక్షరాలు. కొలతలన్నీ సరిగ్గానే రాశాడు. పిండిని గిలక్కొట్టకూడదు, గాలి చేరుతుంది అని కూడా రాశాడు. మైనం ఎంత, వెన్న ఎంత, మొదట ఎంత మంట, తర్వాత ఎంత సేపు, అన్నీ. "పిండి కలిపాక" అని రాసి ఆగాడు. కలం కాగితం మీద నిలిచిన చోట చిన్న సిరా చుక్క పడింది. తర్వాత రాశాడు: "వెంటనే అచ్చుల్లో పొయ్యాలి."

మర్చిపోయానని తనకు తాను చెప్పుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది. మర్చిపోతే ఆ చోటు ఖాళీగా ఉండేది. కాగితంతో పాటు తన దగ్గరున్న పన్నెండు స్టీలు అచ్చులు, గుప్పెడు తేనెమైనం కూడా ఇచ్చి పంపాడు. ఒకసారి చెడితే తనే అడుగుతుంది, అప్పుడు చెప్పొచ్చు అనుకున్నాడు. "అది అంత తేలిక కాదన్నానా" అనే ఒక్క మాట అనాలని అతని సరదా. అంతకుమించి ఏమీ కోరుకోలేదు.

అక్క అడగలేదు. ముందొకసారి చేసి చూసుకోలేదు కూడా. తమ్ముడు రాసిచ్చాడు, అంతే. వీడ్కోలు రోజు స్కూటర్ మీద డబ్బాలు తీసుకెళ్ళడానికి రమ్మంది. వెళ్ళేసరికి మూడు డబ్బాలూ మూతలు పెట్టి గుడ్డ కట్టి ఉన్నాయి. ఆవిడ మణికట్టు మీద ఎర్రగా కాలిన గీత ఉంది.

"కొంచెం వంకరగా వచ్చాయిరా. పైన లేచినవన్నీ కోసేశాను. నిన్న సాయంత్రం రెండు వాయిలు, పొద్దున రెండు వాయిలు. వెంటనే అన్నావుగా, అందుకే వాయికి వాయి విడిగా కలుపుకున్నా."

పళ్ళాయన స్కూటర్ తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకున్నాడు. తాళం చేతిలోనే ఉంది. అప్పుడైనా చెప్పొచ్చు. దారిలో మిఠాయి కొట్లో ఏదో ఒకటి కొని ఆవిడ పరువు కాపాడొచ్చు. స్కూటర్ స్టార్ట్ చేశాడు.

యూనిట్‌లో భోజనం వేళ. బట్ట కత్తిరించే పొడుగాటి బల్ల ఖాళీ చేసి, దాని మీద తెల్ల గుడ్డ పరిచారు. నలభై మంది ఆడవాళ్ళు, భుజాల మీద టేపులు, జుట్టులో దారప్పోగులు. కటింగ్ మేడమ్ సన్నగా, పొడుగ్గా, మెళ్ళో గొలుసుకి కళ్ళజోడు వేలాడేసుకుని కుర్చీలో కూర్చుంది. అక్క డబ్బాలు విప్పింది. పళ్ళాయన లోపలికి తొంగిచూశాడు. కొన్ని సొట్టపోయాయి, కొన్ని ఒక పక్కకి ఒరిగిపోయాయి. ఒక పక్క బొగ్గు, ఒక పక్క పాలిపోయిన తెలుపు.

అందరూ తలా ఒకటి తీసుకున్నారు. నములుతున్న చప్పుడు వినిపించింది, చాలాసేపు వినిపించింది. అప్పుడు సూపర్వైజరు ఒకటి తీసి బల్ల మీద కొట్టి, "అమ్మాయిలూ, మిషన్ కాళ్ళ కింద రబ్బరు ముక్కలు అరిగిపోయాయన్నారుగా, ఇవిగో!" అన్నాడు. అంతే, గది గొల్లుమంది.

అక్క కూడా నవ్వింది. మొహం మాత్రం మెడ దాకా ఎర్రబడింది. కటింగ్ బల్ల అంచు పట్టుకుని అంది: "తప్పంతా నాదేనమ్మా. అదిగో మా తమ్ముడు. వాడు చేస్తే బంగారమే. పాపం ఎంతో ఓపిగ్గా అక్షరం అక్షరం రాసిచ్చాడు. నా చేతికే రాలేదు."

నలభై తలలూ అతని వైపు తిరిగాయి, గౌరవంగా. పళ్ళాయన చిరునవ్వు నవ్వాడు.

తర్వాతి రోజుల్లో అతన్ని నిద్ర లేవగానే పట్టుకునేది ఆ నవ్వే. రాసింది కోపంలో రాశాడనుకోవచ్చు, చెప్పకపోవడం పిరికితనం అనుకోవచ్చు. ఆ నవ్వుకి మాత్రం ఏ పేరూ దొరకలేదు. ల్యాబ్‌లో అద్దం ముందు పళ్ళ వరస సరిచూసుకుంటుంటే తన పళ్ళు తనకే కనిపించి తల తిప్పుకునేవాడు.

అక్క ఊరుకునే మనిషి కాదు. ప్రతి ఆదివారం ఒక వాయి వేసి, రెండు ముక్కలు పళ్ళెంలో పెట్టి పట్టుకొచ్చేది. "చూడరా, ఎక్కడ తేడా?" అనేది, ఒకప్పుడు తను అతని లెక్కల పుస్తకం ముందు కూర్చున్నట్టే శ్రద్ధగా కూర్చుని. కాగితం మడతలు పడి, వెన్న మరకలతో మెత్తబడిపోయింది. నిజం నాలుక చివరి దాకా వచ్చేది. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి? ఆ ప్రశ్నకు భయపడి ప్రతిసారీ ఇంకో అబద్ధం చెప్పేవాడు. ఒకసారి ఓవెన్ వేడి చాల్లేదన్నాడు. ఇంకోసారి గుడ్లు చిన్నవన్నాడు. మైదా రెండుసార్లు జల్లించమన్నాడు. ఆవిడ అన్నీ కాగితం అంచుల మీద పెన్సిలుతో రాసుకునేది. ఓవెన్‌లో పెట్టే థర్మామీటరు కొంది. జల్లెడ మార్చింది. కుడిచేతి మణికట్టు మీద రెండో గీత పడింది, ఆ తర్వాత మూడోది.

ఐదో ఆదివారం తర్వాత అతని భార్య ఏదో పని మీద వదినగారింటికి వెళ్ళొచ్చింది. చెప్పులు విడుస్తూనే అంది: "ఆ కాగితం చూశాను. 'వెంటనే' అని రాశారు."

"ఏదో పొరపాటు..."

"మన ఫ్రిజ్‌లో ఆ గిన్నె రెండు రోజులు కదపనివ్వరు. పాల ప్యాకెట్ పెట్టుకోవడానికి నేను మిమ్మల్ని బతిమాలుకోవాలి. మీకు పొరపాటా?"

ఆవిడ చెప్పులు మూలకి జరిపి, "నేను చెప్పను. మీ అక్క, మీ నోరు," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది. ఇంట్లో ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు.

మరో రెండు ఆదివారాలు గడిచాయి. ఎనిమిదో ఆదివారం అక్క రాలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి తనే వెళ్ళాడు. ఆవిడ వంటింట్లో నిలబడి అచ్చులు తోముతోంది. గాళ్ళలో ఇరుక్కున్న మసిని పాత టూత్ బ్రష్‌తో ఒక్కొక్కటే గీకుతోంది. తోమినవి గుడ్డ మీద బోర్లించి ఉన్నాయి.

"మంచి టైముకి వచ్చావురా. ఇవి తీసుకుపో. ఇంక చాలు," అంది. "నీకొచ్చింది, నాకు రాలేదు. అందరికీ అన్నీ రావు కదరా. నువ్వు నాకంటే పనిమంతుడివి, అది ఒప్పుకోవాలి."

ఈ మాట కోసం అతను బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఎదురుచూశాడు. అక్క నోటి నుంచి, నిజంగా, ఏ వెటకారమూ లేకుండా. వచ్చింది. వింటుంటే ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టయింది.

"అక్కా, పిండి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచాలి."

"ఏంటి?"

"కలిపాక రెండు రోజులు ఉంచాలి. వెంటనే పోస్తే ఎవరు చేసినా ఇలాగే వస్తాయి. నేను చేసినా ఇలాగే వస్తాయి."

అక్క చేతిలో బ్రష్ ఆగింది. కుళాయి నీళ్ళు అచ్చు నిండి పొర్లుతున్నాయి. "మరి కాగితంలో..."

"తెలిసే రాశాను."

ఆవిడ కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంది. ఒక్కో వేలూ తుడుచుకుంది. "ఎందుకు?"

అతను ఏడెనిమిది వారాలుగా ఈ ప్రశ్నకు జవాబులు కట్టుకుంటూ వచ్చాడు. అవన్నీ వదిలేశాడు. చివరికి, "ఇందులో ఏముందిరా అన్నావు," అన్నాడు. బయటికి వచ్చాక అది ఎంత చిన్నదో అతనికే వినిపించింది. నలభై ఆరేళ్ళవాడు, పక్కవాడు బలపం విరిచాడని బడిలో చాడీలు చెప్పినట్టుంది.

"అన్నానా?" అక్కకి నిజంగానే గుర్తు లేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "అని ఉంటాను. నాకు నోటి దురుసు ఉంది. తప్పే. ఆ మాటకి ఆ రోజే మొహం మీద నాలుగు చివాట్లు పెడితే పోయేది కదా."

"అక్కా, నేను..."

"ఆగు. నలభై మంది ముందు నిలబెట్టావు, సరే. వాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను, పోయింది. కానీ ఆ తర్వాత ఏడు వారాలు..." ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. "రోజూ మిషన్ మీద కూర్చుని వీటినే తిట్టుకున్నాను. వయసు మీద పడింది, చేతులు మొద్దుబారాయి, రేపు కాలర్లు కూడా వంకరపోతాయి అనుకున్నాను. మొన్న సూపర్వైజర్‌తో, నన్ను గుండీల సెక్షన్‌కి మార్చెయ్యమని నేనే అడిగాను. తెలుసా నీకు?"

తెలియదు. పళ్ళాయనకి నేల మీద గళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. తప్పయిపోయిందని అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

అక్క లేచి ఆ పాత కాగితం తెచ్చింది. చించలేదు. బల్ల మీద పెట్టి, పక్కన తెల్ల కాగితం, పెన్సిలు పెట్టింది. "రాయి. ఈసారి మొత్తం."

రాశాడు. ఆవిడ వెనక నిలబడి ప్రతి గీతా చదివింది. నిజమైనవి ఏవో, తర్వాత చెప్పిన అబద్ధాలు ఏవో అంచుల మీద ఒక్కొక్కటీ చూపించి అడిగింది. గుడ్ల సైజు? అబద్ధం. జల్లెడ? అబద్ధం. థర్మామీటరు? అక్కర్లేదు, ఉన్నా నష్టం లేదు. ఒక్కో జవాబుకీ అతని మెడ కాస్త కాస్త వంగింది. అంతా అయ్యాక, "ఇంక వెళ్ళు," అంది. అచ్చులు ఇవ్వలేదు.

వారమంతా కబురు లేదు. శుక్రవారం ఫోన్ వచ్చింది. "రేపు భోజనాల టైముకి యూనిట్‌కి రా. కటింగ్ మేడమ్‌ని కూడా పిలిచాను." అంతే, పెట్టేసింది.

ఎందుకు పిలిచిందో అతనికి అర్థమైంది. జ్వరం వచ్చిందని చెప్పాలనుకున్నాడు. ల్యాబ్‌లో అర్జెంటు పని ఉందని చెప్పాలనుకున్నాడు. పొద్దున్నే చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుంటే భార్య సరిచేసి, ఏమీ అడక్కుండా తలుపు దాకా వచ్చింది.

అదే పొడుగాటి బల్ల. ఈసారి డబ్బాల్లో ఉన్నవి చూడగానే అతను, పనివాడు కాబట్టి, ఒక్క క్షణం అన్నీ మర్చిపోయాడు. ముదురు గోధుమరంగు, పోతపోసినట్టు గాళ్ళు, మైనం మెరుపు. తనకు నాలుగు నెలల తర్వాత వచ్చినవి అక్కకి మొదటి వాయికే వచ్చాయి. ఆశ్చర్యం, అతనికి అసూయ కలగలేదు. ఆ స్థలమంతా సిగ్గే ఆక్రమించుకుంది.

ఆడవాళ్ళు కొరికారు. పెంకు విరిగిన చప్పుడు బల్ల పొడుగునా పాకింది. "అయ్యో అయ్యో, ఇది అదేనా?" అంది ఒకావిడ. సూపర్వైజరు రెండోది జేబులో వేసుకున్నాడు.

అక్క అతని వైపు తిరిగింది. "చెప్పు."

పళ్ళాయన నిలబడ్డాడు. "మొన్న చెడిపోయింది మా అక్క వల్ల కాదండీ," అన్నాడు. "నేను తప్పు రాసిచ్చాను. కావాలనే రాశాను. ఆవిడకి రాకూడదని." ఇంకా ఏదో అనాలనుకున్నాడు. చిన్నప్పటి సంగతులు, ఏడు నెలల సంగతి. అవన్నీ చెబితే మళ్ళీ తన వైపే తూకం వేసుకున్నట్టవుతుందని ఆగిపోయాడు.

మూల నుంచి ఎవరో "సొంత తమ్ముడే!" అన్నారు, మెల్లగా. ఆ రెండు మాటలూ సూదిలా దిగాయి.

కటింగ్ మేడమ్ మెళ్ళో కళ్ళజోడు తీసి పెట్టుకుని అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "అంటే, నా రిటైర్మెంట్ రోజున నేను నమల్లేక, పారెయ్యలేక, చేతిరుమాల్లో కట్టి ఇంటిదాకా మోసుకెళ్ళింది నీ చలవేనా నాయనా? పైగా కట్టుడు పళ్ళు చేస్తావట! గిరాకీ కోసం కాదుకదా?"

కొందరు నవ్వారు. అతను నవ్వలేదు. అక్క కూడా నవ్వలేదు. మేడమ్ ఇంకొకటి తీసుకుని డబ్బా పక్కవాళ్ళకి జరిపింది. డబ్బా అతని ముందు నుంచే వెళ్ళింది, ఎవరూ తీసుకోమనలేదు. అతను చెయ్యి చాచలేదు.

గంట మోగింది. అందరూ మిషన్ల దగ్గరికి వెళ్ళిపోయారు. కాలర్ల సెక్షన్‌లో, తన పాత మిషన్ మీదే, అక్క దారం ఎక్కించుకుంటోంది. పళ్ళాయన ఖాళీ డబ్బాలు సర్ది, బల్ల మీద గుడ్డ మడతపెట్టి, వెళ్తున్నానన్నట్టు చూశాడు. ఆవిడ తలూపింది.

ఇది జరిగి ఐదు నెలలైంది. అక్క ఎప్పటిలాగే ఆదివారం భోజనానికి వస్తుంది. మరదలితో కబుర్లు చెబుతుంది, కూరలో ఉప్పు తగ్గిందంటుంది. యూనిట్‌లో ముగ్గురు ఆడవాళ్ళు ఆవిడ దగ్గర కనలేలు నేర్చుకుంటున్నారు. ఈ మధ్య ఒకావిడ మైనం గురించి అడగడానికి ల్యాబ్‌కి వస్తే పళ్ళాయన బల్ల మీద పని ఆపి, రాసిచ్చి, రాసింది పైకి చదివి వినిపించి, ఆవిడ చేత మళ్ళీ చదివించి పంపాడు. ఇంట్లో మాత్రం అతను ఓవెన్ ముట్టుకోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

అక్క అతనితో మాట్లాడుతుంది. "నీళ్ళు ఇవ్వు" అంటుంది, "ఒంట్లో బాగుందా" అంటుంది, "వచ్చే వారం నువ్వే మా ఇంటికి వచ్చెయ్" అంటుంది. మాట్లాడినప్పుడల్లా అతను చెవులు రిక్కించి వింటాడు. "ఒరేయ్" అన్న పిలుపు ఇంకా రాలేదు. మాట చివర చనువుగా తగిలించే "రా" కూడా ఇంకా రాలేదు.